అనంతపురం: ఇంటి పన్ను, కుళాయి బిల్లు కడితే ఆ రూపాయి ఎటు వెళ్తుంది? లెక్క ఎక్కడ తప్పుతుంది?

అనంతపురం: మార్చి వచ్చిందంటే చాలు, నగరపాలక సంస్థల్లో ఒకటే హడావుడి. వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ తిరుగుతారు. మైకులో ప్రచారం చేస్తారు, నోటీసులు అంటిస్తారు. "బకాయి కట్టకపోతే కుళాయి కనెక్షన్ కట్ చేస్తాం" అని హెచ్చరిస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి అంతా సద్దుమణుగుతుంది. మళ్లీ వచ్చే మార్చికి అదే కథ.

ఇంతకీ మనం కట్టే పన్ను ఎక్కడికి వెళ్తోంది? వసూళ్లు 90 శాతం దాటాయని ప్రకటించినా వీధిలో పైపు లీకేజీ ఎందుకు ఆగడం లేదు? ఈ లెక్క గాడిన పడాలంటే ఏం మారాలి? కరవు సీమలో తాగునీటితో ముడిపడిన విషయం కాబట్టి ఇది తెలుసుకోవాల్సిందే.

ముందు నీళ్ల సంగతి

అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతం. నైరుతి రుతుపవనాలను పశ్చిమ కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు తీరానికి దూరంగా ఉండటంతో ఈశాన్య రుతుపవనాల ప్రభావమూ అంతంతే. ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. అందుకే ఈ నగరం తాగేది ప్రధానంగా బయటి నుంచి వచ్చే నీళ్లే.

కర్ణాటకలోని హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ ఉంది. అక్కడి నుంచి ఎగువ కాలువ (హెచ్చెల్సీ) ద్వారా నీళ్లు జిల్లాకు వస్తాయి. ఉరవకొండ ప్రాంతంలోని పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ (పీఏబీఆర్)లో నిల్వ అవుతాయి. అక్కడి నుంచి పదుల కిలోమీటర్లు పైపులైన్లలో ప్రయాణించి, శుద్ధి అయి, ట్యాంకులకు ఎక్కి, చివరికి మన కుళాయికి చేరతాయి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ వారం జిల్లాలో అందరి నోటా ఒకటే మాట: "ఈసారి నీళ్ల పరిస్థితి ఏంటి?" స్టాప్‌లాగ్ గేటు అమర్చే దాకా రైతులకే కాదు, పట్టణాల వాళ్లకూ టెన్షన్ తప్పలేదు. ఇంత దూరం నుంచి, ఇంత కష్టపడి తెచ్చుకునే నీళ్లివి. మోటార్లకు కరెంటు కావాలి. శుద్ధికి పటిక, క్లోరిన్ కావాలి. పైపు పగిలితే మరమ్మతు చేయాలి. పంప్ ఆపరేటర్‌కు, ఫిట్టర్‌కు జీతం ఇవ్వాలి. వీటిలో ఏదీ ఫ్రీగా రాదు.

కార్పొరేషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

అనంతపురం మున్సిపాలిటీ 2005లో నగరపాలక సంస్థగా మారింది. ఏ నగరపాలక సంస్థకైనా ఆదాయం మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, సొంత పన్నులు. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ప్రకటనల ఫీజుల్లాంటివి. రెండు, సేవలకు తీసుకునే చార్జీలు. కుళాయి బిల్లు, డ్రైనేజీ చార్జీ, షాపుల అద్దెలు, బిల్డింగ్ ప్లాన్ ఫీజులు ఇందులోకి వస్తాయి. మూడు, కేంద్రం, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు.

గ్రాంట్లకు షరతులు ఉంటాయి, ఇచ్చిన పనికే వాడాలి. మరి రోజువారీ అవసరాలకు? రాత్రికి రాత్రి మోటారు కాలిపోతే కొత్తది వేయడానికి? అక్కడ ఆదుకునేది సొంత ఆదాయమే. అది రాకపోతే కరెంటు బిల్లు పెండింగ్‌లో పడుతుంది, కాంట్రాక్టర్ బిల్లు ఆగుతుంది, మరమ్మతు వాయిదా పడుతుంది. చివరికి దెబ్బ తగిలేది మూడు రోజులుగా నీళ్లు రాని ఇంటికే.

డీసీబీ అంటే ఏంటి? 90 శాతం వసూలైనా ఎందుకు సరిపోదు?

మున్సిపల్ ఆఫీసుల్లో తరచూ వినిపించే మాట డీసీబీ. అంటే డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అన్న పట్టిక. కమిషనర్ సమీక్షలో ముందు అడిగేది ఇదే.

ఈ పట్టికలో ఒక చిక్కుంది. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చూద్దాం.

ఒక వీధిలో 100 ఇళ్లు ఉన్నాయనుకోండి. రికార్డుల్లోకి ఎక్కినవి 70 మాత్రమే. ఆ 70లో 63 ఇళ్లు పన్ను కట్టాయి. డీసీబీ ప్రకారం వసూళ్లు 90 శాతం. అదిరిపోయే రిజల్ట్! కానీ వీధి మొత్తం లెక్క చూస్తే కట్టింది 63 శాతమే. రికార్డుకే ఎక్కని 30 ఇళ్లు బకాయిదారుల జాబితాలో కూడా కనిపించవు. వాళ్లకు నోటీసు వెళ్లదు, వాళ్ల మీద ఒత్తిడీ ఉండదు.

అంతస్తు పెంచినా పాత పన్నే కడుతున్న ఇల్లు, ఇల్లుగా నమోదై కింద షాపు నడుస్తున్న భవనం, అనుమతి లేని కుళాయి... ఇవన్నీ అసలు డిమాండ్‌లోకే రాని డబ్బు. ఊరు శివార్లకు పెరిగే కొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది.

అందుకే మొదటి సంస్కరణ మొదలవ్వాల్సింది వసూళ్ల దగ్గర కాదు, రిజిస్టర్ దగ్గర. ఆస్తి పన్ను జాబితా, కుళాయి కనెక్షన్ల జాబితా, బిల్డింగ్ ప్లాన్ అనుమతులు, కరెంటు మీటర్లు, ట్రేడ్ లైసెన్సులు: ఈ అయిదింటినీ పక్కపక్కన పెడితే చాలు. కమర్షియల్ కరెంటు మీటరు ఉన్న చోట ఇంటి పన్ను మాత్రమే పడుతుంటే అది వెంటనే బయటపడుతుంది. పన్ను రేటు పెంచక్కర్లేదు. కొత్త చట్టమూ అక్కర్లేదు.

రూపాయి ప్రయాణం: ఎక్కడెక్కడ జారిపోవచ్చు?

మనం కట్టిన రూపాయి చాలా చేతులు దాటుతుంది. ఏ ఊళ్లో అయినా ఆర్థిక నియంత్రణ అంటే ఈ దారిని కాపాడుకోవడమే.

1. బిల్లు: అసెస్‌మెంట్ నంబర్ ఉండాలి, మొత్తం సరిగ్గా ఉండాలి. బిల్లు తగ్గించే అధికారం, డబ్బు తీసుకునే పని ఒకే మనిషి చేతిలో ఉండకూడదు. తగ్గిస్తే కారణం రాయాలి, పై అధికారి ఆమోదించాలి.

2. రశీదు: పాతకాలంలో బిల్ కలెక్టర్ చేతిలో రశీదు పుస్తకం ఉండేది. అసలులో ఒక అంకె, కార్బన్ కాపీలో ఇంకో అంకె రాయడానికి వీలుండేది. పుస్తకం "పోయింది" అంటే ఇక దిక్కులేదు. 2015-16లో రాష్ట్రంలోని 110 పట్టణ స్థానిక సంస్థల్లో ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చాక ఈ దారి చాలావరకు మూసుకుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, వార్డు సచివాలయంలోనూ కట్టొచ్చు.

3. బ్యాంకు: నగదు తీసుకున్న రోజే, లేదంటే మరుసటి పనిదినం బ్యాంకులో పడాలి. చేతిలో డబ్బు ఎన్ని రోజులు ఉంటే అంత రిస్క్.

4. సరిపోల్చడం: దీన్నే బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటారు. క్యాష్ బుక్‌లో ఉన్నది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్నది నెలనెలా సరిచూడటం. బోరింగ్ పనే. కానీ తేడా మొదట పట్టుబడేది ఇక్కడే. ఈ పని ఏళ్ల తరబడి పెండింగ్‌లో పెడితే తప్పు ఎవరిదో తేల్చడం అసాధ్యం. అప్పటికి క్లర్కు బదిలీ అయ్యుంటారు, కాగితం దొరకదు.

5. ఖాతా: వచ్చిన డబ్బు సరైన పద్దులో పడాలి. ఎవరు కట్టారో తేలని డబ్బు సస్పెన్స్ ఖాతాలోకి వెళ్తుంది. మీరు కట్టినా మళ్లీ బకాయి ఉందని నోటీసు వచ్చిందంటే, ఒక కారణం ఇదే కావచ్చు.

6. ఖర్చు: పని జరిగిందని ఇంజినీర్ ఎం-బుక్‌లో రికార్డు చేయాలి. దాన్ని వేరొకరు చెక్ చేయాలి. బడ్జెట్ ఉందో లేదో అకౌంట్స్ విభాగం చూడాలి. ఆ తర్వాతే బిల్లు పాసవ్వాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం కట్టే ఇంటి పన్నుతో పాటే రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. అది కార్పొరేషన్ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు. వసూలు చేసి సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు రాష్ట్రంలో చాలా పురపాలికల మీద ఏళ్లుగా ఉన్నదే. ఇతరుల సొమ్మును విడిగా ఉంచి ఎప్పటికప్పుడు ఇచ్చేస్తున్నారా లేదా అన్నది చూస్తే చాలు, ఆ ఆఫీసు లెక్కలు ఎలా ఉన్నాయో అర్థమైపోతుంది.

నీళ్లకూ లెక్క ఉండాలి

డబ్బు లెక్క ఒక్కటే చాలదు. పంపు చేసిన నీళ్లలో ఎంతకు బిల్లు పడుతోందన్నది కూడా ముఖ్యమే. లీకేజీల్లో పోయేది, అక్రమ కుళాయిల్లో పోయేది, మీటరు తప్పు చూపించడం వల్ల లెక్కలోకి రానిది... వీటన్నింటినీ కలిపి "ఆదాయం రాని నీరు" అంటారు. అమృత్ పథకంలో కేంద్రం పెట్టిన సంస్కరణల్లో దీన్ని 20 శాతం లోపుకు తేవాలన్నది ఒకటి. అనంతపురం కూడా అమృత్ నగరమే.

20 శాతానికి, 40 శాతానికి తేడా ఏంటో ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 2.6 లక్షలకు పైనే. కేంద్ర ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలి. అంటే ఇళ్లకు చేరాల్సింది రోజుకు దాదాపు 3.5 కోట్ల లీటర్లు. దారిలో 20 శాతం పోతే 4.4 కోట్ల లీటర్లు పంపు చేయాలి. అదే 40 శాతం పోతే 5.85 కోట్ల లీటర్లు కావాలి. తేడా రోజుకు సుమారు 1.46 కోట్ల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే 2,900కు పైగా ట్యాంకర్లు! అవి మన ఇంటికి రాకపోయినా వాటి కరెంటు బిల్లు మాత్రం మనమే కట్టాలి.

రాష్ట్రంలో చాలా పట్టణాల్లో ఇంటి కుళాయిలకు మీటర్లు లేవు. నెలకు ఇంత అని ఒకే రేటు. రెండు బిందెలు పట్టుకున్న ఇంటికీ, తొట్టి నింపి కారు కడిగిన ఇంటికీ అదే బిల్లు. అన్ని ఇళ్లకూ ఒక్కసారిగా మీటర్లు పెట్టడం ఖర్చుతో కూడిన పనే. కానీ శుద్ధి కేంద్రం దగ్గర, ఒక్కో ట్యాంకు దగ్గర పెద్ద మీటర్లు పెట్టడం అంత కష్టం కాదు. ఏ ట్యాంకు నుంచి ఎన్ని నీళ్లు వెళ్లాయి, ఆ పరిధిలో ఎంత బిల్లు వచ్చింది అని పోలిస్తే లీకేజీ ఏ ప్రాంతంలో ఎక్కువో తెలిసిపోతుంది. హోటళ్లు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రుల్లాంటి పెద్ద వాడకందారులకు ముందు మీటర్లు పెట్టినా ఆదాయంలో తేడా కనిపిస్తుంది.

2021 నుంచి పన్ను ఎందుకు మారింది?

గతంలో ఇంటి పన్ను అద్దె విలువ ఆధారంగా ఉండేది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మున్సిపల్ చట్టాలను సవరించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి మూలధన విలువ, అంటే రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా పన్ను వేసే విధానం వచ్చింది. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను నిర్ణయించుకోవచ్చని నిబంధన పెట్టారు. యజమాని సొంతంగా ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే. పన్ను ఎంత పెరగాల్సి ఉన్నా, అంతకుముందు ఏడాది కంటే 15 శాతానికి మించకూడదని పరిమితి కూడా పెట్టారు.

ఉదాహరణకు పాత పన్ను 1,500 రూపాయలు, కొత్త లెక్కలో 3,000 రూపాయలు అనుకోండి. మొదటి ఏడాది కట్టాల్సింది 1,725. రెండో ఏడాది దాదాపు 1,984. ఇలా మెట్లు మెట్లుగా పెరుగుతూ వెళ్తుంది. "ఏటా పన్ను ఎందుకు పెరుగుతోంది?" అన్న జనం ప్రశ్నకు, దీని మీద రేగిన రాజకీయ రచ్చకు మూలం ఇదే.

ఈ మార్పు వెనుక కేంద్రం షరతు ఉంది. 2020 మేలో కరోనా కష్టకాలంలో రాష్ట్రాలకు అదనపు అప్పులకు కేంద్రం అనుమతిచ్చింది. అందులో కొంత భాగాన్ని నాలుగు సంస్కరణలతో ముడిపెట్టింది. ఆస్తి పన్నుకు, నీటి, డ్రైనేజీ చార్జీలకు కనీస రేట్లు ప్రకటించడం వాటిలో ఒకటి. ఆ సంస్కరణ మొదట పూర్తిచేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. దాంతో ఏపీకి 2,525 కోట్ల రూపాయల అదనపు రుణానికి వీలు దొరికింది. అంటే పన్ను పెరిగింది ఊళ్లో, అప్పు వెసులుబాటు వచ్చింది రాష్ట్ర ఖజానాకు. విమర్శకులు ఎత్తిచూపేది ఇదే.

లెక్క చూపిస్తేనే గ్రాంటు

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మరో షరతు పెట్టింది. పట్టణ స్థానిక సంస్థలు గత ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకుముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. పన్ను వసూళ్లు కూడా రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరుగుదలకు తగ్గట్టు పెరగాలి. లేదంటే గ్రాంటుకు ఇబ్బందే. పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు వచ్చే ఈ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. అనంతపురం లాంటి ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఆడిట్ చేసేది రాష్ట్ర ఆడిట్ శాఖ. అయితే ఆడిట్ రిపోర్టు రావడంతోనే పని అయిపోదు. అందులోని అభ్యంతరాలకు ఎవరు జవాబు చెప్పారు? ఎంత రికవరీ అయింది? అదే అభ్యంతరం ఏటా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? కౌన్సిల్ సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు అడిగితే చాలు, చాలా మార్పు వస్తుంది.

కట్టేవాడికి కోపం ఎందుకు?

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంది. 4,000 రూపాయల పన్నుకు 200 మిగులుతాయి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. 2,000 బకాయి ఉంటే నెలకు 40, ఏడాదికి 480 రూపాయలు.

2025 మార్చిలో మాత్రం ప్రభుత్వం బకాయిలపై వడ్డీలో 50 శాతం మాఫీ ప్రకటించింది. మార్చి 31లోపు కట్టినవాళ్లకు ఇది వర్తించింది. ఇలాంటి మాఫీతో ఖజానాకు ఒక్కసారిగా డబ్బొస్తుంది, నిజమే. కానీ ఠంచనుగా కట్టినవాళ్లకు అనిపించేదేంటి? "నేను ఆగుంటే నాకూ కలిసొచ్చేది కదా?" మాఫీ తరచూ వస్తుందన్న నమ్మకం కుదిరితే గడువుకు విలువ ఉండదు.

ఇంకో సమస్య పెద్ద బకాయిలు. రాష్ట్రంలో ఏ పట్టణంలో చూసినా ప్రభుత్వ ఆఫీసుల భవనాల పన్ను కూడా బకాయిల జాబితాలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం ఆస్తి పన్ను మినహాయింపు ఉన్నా, వాటి నుంచి సేవా చార్జీలు రావాలి. ఆఫీసుల బాకీ అలాగే ఉండగా సామాన్యుడి కుళాయి కట్ చేస్తే జనం ఊరుకోరు. వసూళ్లకు అసలు బలం సమానత్వమే. ముందు పెద్ద బాకీ, ఆ తర్వాత చిన్న బాకీ.

మరి ఎక్కడైనా మారిందా?

మారింది. కంబోడియా రాజధాని నామ్ పెన్ కథ నీటి సరఫరా రంగంలో ఫేమస్. 1993లో అక్కడ పంపు చేసిన నీళ్లలో 72 శాతానికి ఆదాయం లేదు. బిల్లు వేసిన దాంట్లోనూ సగం కూడా వసూలయ్యేది కాదు. ఏక్ సోన్ చాన్ అనే అధికారి బాధ్యతలు తీసుకున్నాక ఇంటింటి సర్వే చేయించారు, మీటర్లు పెట్టించారు, అక్రమ కనెక్షన్లు తీయించారు. పలుకుబడి ఉన్నవాళ్లనూ వదల్లేదు. అదే సమయంలో పేదలకు కనెక్షన్ చార్జీలో రాయితీ ఇచ్చారు. పదిహేనేళ్లు తిరిగేసరికి నష్టం 10 శాతం లోపుకు పడిపోయింది, వసూళ్లు 99 శాతం దాటాయి, నీళ్లు 24 గంటలూ వచ్చాయి. 2006లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు దక్కింది.

పక్కనే ఉన్న కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడ్, బెళగావి, కలబురగి నగరాల్లోని కొన్ని వార్డుల్లో 2008 నాటికి 24 గంటల సరఫరా మొదలైంది. అక్కడా మీటర్లు పెట్టి, వాడినదానికే బిల్లు వేశారు. ఊరంతా ఒకేసారి కాకుండా ముందు కొన్ని వార్డుల్లో చేసి చూపించడం అక్కడి పద్ధతి. అనంతపురంలో 50 డివిజన్లు ఉన్నాయి. రెండు మూడు డివిజన్లలో ఇలా మొదలుపెట్టి చూడొచ్చు.

మీరు ఏం చేయొచ్చు?

- డబ్బు ఎవరికి ఇచ్చినా కంప్యూటర్ రశీదు తీసుకోండి. అసెస్‌మెంట్ నంబర్ మీదేనా చూసుకోండి.
- కట్టిన కొన్ని రోజులకు ఆన్‌లైన్‌లో బకాయి సున్నా చూపిస్తోందో లేదో చెక్ చేయండి. చూపించకపోతే రశీదు కాపీతో వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.
- ఇంటి కొలతలు, వాడకం తప్పుగా నమోదైతే సవరణకు దరఖాస్తు పెట్టండి. తక్కువగా నమోదైనా సరిచేయించుకోవడమే మంచిది. తర్వాత పట్టుబడితే భారం ఎక్కువ.
- మీ డివిజన్ డీసీబీ, ఆడిట్ రిపోర్టు కావాలంటే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగొచ్చు.
- లీకేజీ కనిపిస్తే ఫొటో, టైమ్‌తో ఫిర్యాదు చేయండి.

మొత్తానికి, మార్చి నెల హడావుడితో వసూళ్ల శాతం పెరగొచ్చు. కానీ అనంతపురంలో తుంగభద్ర నీళ్లు రోజూ చివరి వీధి దాకా చేరాలంటే ఏడాది పొడవునా రిజిస్టర్, రశీదు, బ్యాంకు పుస్తకం, ట్యాంకు మీటరు ఒకదానితో ఒకటి సరిపోవాలి. కార్పొరేషన్ ఆ లెక్క చూపిస్తే జనమూ కడతారు. వచ్చే మార్చిలో సిబ్బంది గుమ్మం ముందుకొచ్చి "బకాయి ఎంతో తెలుసా?" అని అడిగినప్పుడు, "పోయినేడు కట్టింది ఎక్కడ ఖర్చయింది?" అని అడిగే హక్కు మీకూ ఉంది.